తాత వదిలిన కాన్సర్టీనా: బాగుచేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి ఊరు. మా తాత మిషన్ కాంపౌండ్‌ల చాన ఏండ్లు పనిచేసిండు. దొరవాళ్లు తిరిగి వాళ్ల దేశం పోయేటప్పుడు ఒక చిన్న బాజా ఇచ్చిపోయిన్రట. ఆరు మూలలు, రెండు దిక్కులా ఇరవై నాలుగేసి తెల్ల గుండీలు, నడుమ తోలు తిత్తి. బొటనవేళ్లకు తోలు పట్టీలు, చిటికెనవేలు ఆనేటందుకు రేకు ఉన్నయి. దాన్ని కాన్సర్టీనా అంటరని ఈ మధ్యనే తెలిసింది. మూడు గుండీలు పలుకుతలేవు, ఒకటి నొక్కకున్నా మోగుతనే ఉంటది. నల్లగొండల హార్మోనియం చేసేటాయన ఆరు వేలిస్తే కొత్తదాని లెక్క చేస్తనన్నడు. హైదరాబాద్ నుంచి పాత సామాన్లు కొనేటాయన వచ్చి ఎట్లున్నదట్లనే ఎనిమిది వేలకు అడిగిండు. ఇంటర్నెట్‌ల చూస్తే లక్షలంటున్నరు. బాగుచేయించి అమ్మాల్నా, ఇట్లనే అమ్మాల్నా? ఎంత చెప్పాలె? బయటి దేశానికి పంపొచ్చా?

సమాధానం: ఆరు వేలు ఇవ్వకండి. ఎనిమిది వేలకూ ఇవ్వకండి, కనీసం అది ఎవరి తయారీయో తేలేదాకా. ఉన్నదున్నట్టే అమ్మండి. మీ చేతిలో ఉన్నదానికి ధర వచ్చేదే ఇన్నేళ్లూ దాన్ని ఎవరూ కెలకలేదు కాబట్టి.

మీరు చెప్పిన ఆనవాళ్లను బట్టి అది 48 గుండీల ఇంగ్లిష్ రకం. బొటనవేలి పట్టీలు, చిటికెనవేలి రేకు, రెండు వైపులా సమానంగా గుండీలు ఉండేది దానికే. చేయంతా పట్టే అడ్డ పట్టీ ఉంటే అది ఆంగ్లో, డ్యూయెట్ అనే వేరే రెండు రకాల్లో ఒకటి అయ్యేది. గుండీ నొక్కి తిత్తిని మూసినా తెరిచినా ఒకే స్వరం వస్తుందేమో ఒకసారి చూసుకోండి. ఇంగ్లిష్ రకంలో ఒకటే వస్తుంది, ఆంగ్లోలో రెండు వేర్వేరు స్వరాలు వస్తాయి. ఈ వాద్యానికి మూలపురుషుడు లండన్‌కు చెందిన చార్లెస్ వీట్‌స్టన్. 1829లో, 1844లో పేటెంట్లు తీసుకున్నాడు. ఆయన దగ్గర పనిచేసిన లూయీ లాషెనాల్ తర్వాత సొంతంగా పెట్టిన కార్ఖానా నుంచి వేలకొద్దీ వచ్చాయి. జార్జ్ జోన్స్, జెఫ్రీస్, క్రాబ్ అనేవి మిగతా పేరున్న తయారీ సంస్థలు. మన దేశానికి 1882లో వచ్చిన సాల్వేషన్ ఆర్మీ వాళ్లూ, ఇతర మిషన్ల వాళ్లూ వీధిలో పాటలకు ఈ వాద్యాన్ని బాగా వాడారు. అందుకే మన దిక్కు మిషన్ ఊళ్లలో ఇలాంటిది బయటపడటం వింతేమీ కాదు.

ఇక రిపేరు ఎందుకు వద్దంటున్నామో చెప్తాం. రీడు అంటే గాలి తగిలితే కంపించి స్వరం పలికే లోహపు నాలుక. ఒక్కో గుండీకి రెండు రీడ్లు, తిత్తి మూస్తే ఒకటి, తెరిస్తే ఒకటి. అంటే 48 గుండీలకు 96 రీడ్లు. హార్మోనియంలో ఇత్తడి రేకు మీద ఇత్తడి నాలుక బిగించి, ఆ రేకును చెక్కకు కొడతారు. కాన్సర్టీనా రీడు అలా ఉండదు. గోరు వెడల్పు కూడా లేని సన్నని నాలుక, ఇత్తడి చట్రానికి ఒక కొస బిగించి ఉంటుంది. ఆ చట్రాన్ని చెక్కలో కోసిన ఏటవాలు గాడిలోకి జారుస్తారు. జిగురు లేదు, మేకు లేదు. చెక్క బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది. నాలుకకూ చట్రానికీ మధ్య సందు వెంట్రుకంత.

ఈ నిర్మాణం తెలిస్తే మీ మూడు గుండీలు ఎందుకు మూగబోయాయో సగం అర్థమవుతుంది. వానాకాలంలో చెక్క ఉబ్బి చట్రాన్ని నొక్కితే నాలుక ఇరుక్కుంటుంది. ఎండాకాలంలో మన దగ్గర నలభై నాలుగు డిగ్రీల ఎండకు చెక్క ఆరిపోతే చట్రం వదులై జరజరమంటుంది. శ్రావణంలో పలకని గుండీ మాఘంలో దానంతట అదే పలికిన సందర్భాలుంటాయి. నూలు పోగో, పురుగు రెక్కో ఆ సందులో ఇరుక్కున్నా అదే మూగతనం. నొక్కకుండానే మోగే గుండీ సంగతి వేరు: లోపల రంధ్రాన్ని మూసే తోలు మెత్త సరిగా కూర్చోవడం లేదు. స్ప్రింగు విరిగి ఉండొచ్చు, పక్కకు జరిగి ఉండొచ్చు, మెత్త ఊడి పడి ఉండొచ్చు. ఇవన్నీ ఈ వాద్యం బాగుచేసేవాళ్లకు రోజూ ఉండే పనులు. కొనేవాడు వీటిని చూసి బెదరడు.

కొనేవాడు బెదిరేది ఆకురాయి గీతలకు. రీడు కొస దగ్గర రాస్తే స్వరం పైకి పోతుంది, మొదట్లో రాస్తే కిందికి దిగుతుంది. రాసిన లోహం మళ్లీ రాదు. నల్లగొండ మేస్త్రి చేతి పనిని మేం తక్కువ చేయడం లేదు. హార్మోనియం శ్రుతి చేయడం గొప్ప విద్యే. కానీ ఆ అలవాటుతో ఈ సన్నని నాలుక మీద చేయి వేస్తే ఒక్క పూటలో 96లో పదో పదిహేనో చెడిపోతాయి. దానికి తోడు ఒక ఉచ్చు ఉంది. పాశ్చాత్య స్వరాల పేర్లలో చెప్పాలంటే, ఇంగ్లిష్ రకంలో ఏ-ఫ్లాట్‌కు ఒక గుండీ, జీ-షార్ప్‌కు ఇంకో గుండీ ఉంటాయి. అట్లాగే ఈ-ఫ్లాట్, డీ-షార్ప్. హార్మోనియంలో ఇవి ఒకే మెట్టు. పాతకాలపు శ్రుతిలో ఈ జంటల మధ్య కొద్దిగా తేడా ఉండేది, కావాలనే పెట్టినది. తెలియనివాళ్లు దాన్ని అపశ్రుతి అనుకుని రెండూ ఒకటి చేసేస్తారు. మీ దాంట్లో ఆ పాత శ్రుతి మిగిలి ఉంటే, దాన్నే వెతుక్కునేవాళ్లు ఉన్నారు.

అదే లెక్కన, ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి చూస్తే అన్ని స్వరాలూ అరస్వరంలో దాదాపు సగం ఎక్కువ చూపించొచ్చు. భయపడకండి. ఇప్పటి ప్రమాణం 'A' అనే పాశ్చాత్య స్వరానికి 440 హెర్ట్జ్. ఈ వాద్యాలు తయారైన రోజుల్లో లండన్‌లో 452 దాకా పెట్టేవాళ్లు. యాప్ చూపిన అంకె రాసిపెట్టుకుని కొనేవాళ్లకు చెప్పండి, అంతే. దాన్ని 440కి దించాలా వద్దా అనేది కొన్నవాళ్ల ఇష్టం.

ఇంట్లో వాళ్లకు కూడా గట్టిగా చెప్పండి. తిత్తికి కొబ్బరి నూనె, బూటు పాలిష్ రాయొద్దు. చిరుగుకు ఫెవికాల్, ఫెవిక్విక్ పెట్టొద్దు. పాత జిగురు పశువుల చర్మంతో, ఎముకలతో కాచినది, గోరువెచ్చని తడి తగిలితే విడుతుంది, కాబట్టి తోలు చిరగకుండా మళ్లీ అతికించొచ్చు. ఫెవిక్విక్ పెట్టిన చోట మాత్రం తోలును కోసి తీయడమే. లోహపు భాగాలకు బ్రాసో వద్దు, నికెల్ పూత అరిగి కింది ఇత్తడి బయటపడుతుంది. చెక్కకు వార్నిష్ వద్దు. తుప్పు వదలాలని లోపలికి నూనె స్ప్రే కొట్టడం అన్నిటికన్నా చెడ్డ పని. నూనెకు దుమ్ము పట్టి రీడ్లన్నీ మూసుకుపోతాయి, గాలిని ఒక దిక్కుకే పోనిచ్చే తోలు ముక్కలు (వాల్వులు) నానిపోతాయి. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు వేసే అలవాటు మంచిదే కానీ ఈ వాద్యం దగ్గర వద్దు, ఆకు పొడి గుండీల చుట్టూ ఉండే చిల్లుల జాలీలోంచి నేరుగా రీడ్ల మీద పడుతుంది. కలరా ఉండల వాసన తిత్తికి పడితే ఏళ్ల తరబడి పోదు. ఆరిన మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపి, పాత నూలు పంచె ముక్కతో తుడవండి. బూజు కనిపిస్తే నీడలో గాలికి పెట్టి తుడవండి. రేకుల కప్పు కింద అటక మీద ఉంటే ఇవాళే దింపేయండి. బీరువా నడిమి అరలో, తిత్తి మూసి, నూలు గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలు రెండు పక్కన వేసి ఉంచండి. ఊడిన పట్టీ ముక్క, విరిగిన గుండీ, పాత మర ఏది దొరికినా కవరులో వేసి దాచండి. అసలు ముక్క ఎంత చిన్నదైనా కొత్తదానికన్నా మేలు.

ఇప్పుడు గుర్తుపట్టే పని. రెండు కొసల జాలీల్లో చిన్న కిటికీ లాంటి చోట తయారీదారు పేరున్న కాగితమో, అంకెలో ఉంటాయి. మసకబారి ఉంటే తడి చేయకండి. పక్క నుంచి టార్చి వేసి, ఫోన్‌తో దగ్గరగా ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. వీట్‌స్టన్ అని తేలితే మీ అదృష్టం. ఆ కంపెనీ అమ్మకాల పుస్తకాలు లండన్ హార్నిమన్ మ్యూజియంలో ఉన్నాయి, స్కాన్ చేసి ఉచితంగా చూసే వీలు కల్పించారు. మధ్యలో కొన్ని ఏళ్ల పుస్తకాలు లేవు గానీ, ఉన్న ఏళ్లలో అయితే సీరియల్ నంబరుతో ఆ పెట్టె ఏ తేదీన కార్ఖానా దాటిందో కూడా దొరుకుతుంది. లోపల కూడా అదే నంబరు వేసి ఉంటుంది. కుడి, ఎడమ, తిత్తి చట్రం, రీడ్ల పలక, అన్నిటి మీదా నంబరు ఒకటే అయితే ఇది రెండు మూడు పెట్టెల ముక్కలు కలిపి చేసినది కాదని రుజువు. పాత వస్తువులో ఆ రుజువుకే విలువ.

లోపల చూడాలంటే ఒక కొస విప్పాలి. ఒక్క ఎడమ కొస చాలు. ఆరు మూలల్లో ఆరు బోల్టులుంటాయి. స్క్రూడ్రైవరు మొన బోల్టు గాడి వెడల్పుకు సరిగ్గా సరిపోవాలి. చిన్నదైతే జారి గాడి చెడుతుంది, గాడి చెడిన బోల్టును కొనేవాడు ఫోటోలోనే పట్టేస్తాడు. ఒకదాన్ని పూర్తిగా తీసి ఇంకోదానికి పోకుండా, ఆరింటినీ పావు చుట్టు చొప్పున వదులు చేస్తూ రండి. ఏదైనా మొండికేస్తే అక్కడితో ఆపేయండి, విప్పకుండానే అమ్మండి. ముందుగానే అట్టముక్క మీద ఆరు మూలల బొమ్మ గీసి, రంధ్రాలు పొడిచి, తీసిన బోల్టును తీసిన చోటే గుచ్చండి. అన్నీ ఒకేలా కనిపించినా ఒక్కో బోల్టు తన మరలోనే సాఫీగా దిగుతుంది. ఎత్తేటప్పుడు పై జాలీని, దాని కింది చెక్కను రెండూ కలిపి పట్టుకోండి. జాలీ ఒక్కటే లేస్తే 24 గుండీలూ వదులవుతాయి. వాటిని మళ్లీ ఒక్కొక్కటిగా రంధ్రాల్లోకి కూర్చోబెట్టాలంటే ఒక సాయంత్రం పడుతుంది. సరిగ్గా ఎత్తితే రీడ్ల పలక కనబడుతుంది, ఈ ముఖాన 24 రీడ్లు, అవతల 24. దాన్ని బయటికి లాగకండి. నాలుకలు పసుపు పచ్చగా ఉంటే ఇత్తడి, బూడిద నీలంగా ఉంటే ఉక్కు. ఉక్కు రీడ్లకు ధర ఎక్కువ, తుప్పు భయమూ ఎక్కువ. వేలు తగలనివ్వకండి, చేతి చెమటకే తుప్పు పడుతుంది. నాలుగు ఫోటోలు తీసి మూసేయండి. బిగించేటప్పుడు బోల్టు ఆగిందంటే చాలు, ఇంకో చుట్టు తిప్పితే పాత చెక్క చిట్లుతుంది.

తెల్ల గుండీల గురించి మీరు రాసిన మాట దగ్గర మేం ఒక క్షణం ఆగాం. చాలా వాటిల్లో అవి ఎముకవే. భూతద్దంలో చూస్తే ఎముకలో సన్నని నల్ల చుక్కలు, గీతలు కనిపిస్తాయి. ఏనుగు దంతంలో ఆ చుక్కలుండవు, అడ్డకోతలో గళ్లగళ్లుగా దాటుకునే సన్నని చారలుంటాయి. కాల్చిన సూదితో గుచ్చి చూడమని ఎవరైనా చెప్తే వినకండి, గుండీ పాడవుతుంది. దంతమని అనుమానం వస్తే అమ్మకం అక్కడే ఆపి అటవీ శాఖ వారిని అడగండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దంతం అమ్మడం నేరం, అది ఎంత పాతదైనా సరే.

విదేశానికి పంపడం గురించి కూడా ఇక్కడే చెప్తాం. పురావస్తువుల చట్టం, అదీ 1972 నాటిదే, నూరేళ్లు దాటిన కళాఖండాలను, పనితనం ఉన్న వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడాన్ని నిషేధిస్తుంది. మీ పెట్టె నూరేళ్లు దాటి ఉండే అవకాశమే ఎక్కువ. ఇది పురావస్తువు కిందికి వస్తుందా రాదా అని తేల్చాల్సింది భారత పురావస్తు శాఖ. హైదరాబాద్‌లో వాళ్ల సర్కిల్ కార్యాలయం ఉంది. పురావస్తువు కాదని వాళ్లు పత్రం ఇస్తే పంపొచ్చు, ఇవ్వకపోతే దేశంలోనే అమ్మాలి. "గిఫ్ట్ అని రాసి కొరియర్‌లో పంపండి, ఏం కాదు" అని కొనేవాడు అంటే ఆ మనిషితో బేరమే వద్దు. కస్టమ్స్‌లో పట్టుబడితే పెట్టె పోతుంది, కేసు మీ మీద పడుతుంది.

ధర మాటకొస్తే, ఇంటర్నెట్‌లో మీరు చూసిన లక్షలు మామూలుగా రెండు రకాలకు పలికేవి. జెఫ్రీస్ ఆంగ్లోలు, ఐరిష్ సంగీతం వాయించేవాళ్లు పోటీ పడి కొంటారు. వీట్‌స్టన్ ఏయోలాలు, అవి సాధారణంగా ఎనిమిది మూలలవి. పైగా అవి నిపుణులు పూర్తిగా బాగుచేసి, శ్రుతి చేసి అమ్మేవి. అడిగే ధర వేరు, అమ్ముడైన ధర వేరు. మీ 48 గుండీల ఆరు మూలల రకం ఎక్కువగా తయారైంది, అందుకే అంత అరుదు కాదు. మహాగనీ చెక్క, ఇత్తడి రీడ్లు ఉన్న సాదా రకం బాగుచేయనిది బ్రిటన్‌లో వందల పౌండ్లలో ఉంటుంది. ఎబొనీ చెక్కో, లోహపు జాలీలో, ఉక్కు రీడ్లో ఉండి, తిత్తికి ఐదారు మడతలుండి, మంచి పేరున్న సంస్థ తయారీ అయితే వెయ్యి పౌండ్లు దాటొచ్చు. మీరు లెక్క వేయాల్సింది ఇలా: సరిగ్గా అదే రకం, బాగుచేసినది ఎంతకు అమ్ముడైందో చూడండి. అందులోంచి మెత్తలు, వాల్వులు, శ్రుతి, తిత్తి పనికి అయ్యే ఖర్చు తీసేయండి. ఇక్కడ ఆ పని చేసేవాళ్లు దొరకడం కష్టం కాబట్టి కొనేవాడు ఇంకొంత తగ్గిస్తాడు, అది న్యాయమే. సాదా రకంలో ఆ ఖర్చే ధరలో పెద్ద భాగం తినేస్తుంది. ఈ లెక్క తర్వాత కూడా ఎనిమిది వేలన్నది చాలా తక్కువగానే తోస్తుంది. అయితే లక్షల ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పాల్సిందే. కొంటానన్న మనిషినే ధర కట్టమని అడగకండి. ఫోటోలు, నంబరు ఇద్దరు ముగ్గురు కాన్సర్టీనా నిపుణులకు మెయిల్ చేసి వాళ్ల మాట తీసుకోండి.

ప్రకటనలో లోపాలే ముందు రాయండి. కాగితం మీద రెండు ఆరుమూలల బొమ్మలు గీసి, ఒక్కో గుండీకి మూసినప్పుడు, తెరిచినప్పుడు ఎలా పలుకుతుందో పక్కనే గుర్తు పెట్టండి: బాగుంది, మూగ, జరజర, ఆగదు. ఫ్యాను ఆపి, ఫోన్‌ను ఒక అడుగు దూరంలో పెట్టి, ఒక్కో గుండీని మూడు సెకన్లు మూస్తూ, మూడు సెకన్లు తెరుస్తూ వీడియో తీయండి. మొత్తం ఐదు నిమిషాలు. గుండీ నొక్కకుండా తిత్తిని ఎప్పుడూ లాగకండి, మడతల మూలలు చిరుగుతాయి. ఒక కొస పట్టుకుని రెండోది కిందికి వదిలి తిత్తి గాలి కారుతుందేమో చూసే పరీక్ష ఒకటుంది. మీ దాంట్లో ఒక మెత్త తెరుచుకునే ఉంది కాబట్టి గాలి అక్కడి నుంచే పోతుంది, ఆ పరీక్షతో ఏమీ తెలియదు. దాని బదులు మెల్లగా మూస్తూ మడతల మూలల దగ్గర చెంప పెట్టి చూడండి, గాలి తగిలితే అక్కడ చిల్లుంది. ఫోటోలు పొద్దున ఎనిమిదింటికి అరుగు మీద, ఎండ నేరుగా పడకుండా తీయండి. తాతగారి పాత ఫోటోలో ఈ పెట్టె కనిపిస్తే, దొరవాళ్లు రాసిన చీటీ ఏదైనా ఉంటే, వాద్యం దాచే పాత డబ్బా మీద బొంబాయిదో కలకత్తాదో దుకాణం లేబులు ఉంటే వాటినీ చూపించండి. తెలిసినంతే రాయండి, కథ అల్లకండి.

అమ్మే ముందు పెద్దనాయన, చిన్నాయనల పిల్లలతో, మేనత్తలతో ఒక మాట అనుకోండి. తాత సొత్తు కదా. "మాకు సమ్మతమే" అని వాట్సాప్‌లో ఒక్క లైను పెట్టించుకుంటే రేపు పాలోళ్ల మధ్య మాట రాదు.

డబ్బులు వేస్తామంటూ క్యూఆర్ కోడ్ పంపి పిన్ కొట్టమనేవాళ్లు తగులుతారు. డబ్బు మీకు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. వీలైనంత వరకు కొరియర్ వద్దు, చేతికే ఇవ్వండి. దేవరకొండ నుంచి బస్సులో హైదరాబాద్ వెళ్లి అక్కడ కలవొచ్చు. పెట్టెను తిత్తి మూసి, గుండీలు నొక్కుకోకుండా, ముందు నూలు గుడ్డ చుట్టి, అట్టపెట్టెలో అన్ని వైపులా రెండేసి అంగుళాల మెత్త వేసి పెట్టండి. బబుల్ షీటు నేరుగా తోలుకు తగలనివ్వకండి, ఎండకు అచ్చు పడుతుంది. బస్సు డిక్కీలో కాదు, ఇంజను పక్కన కాదు, ఒళ్లో పెట్టుకోండి. కొనేవాళ్లు వచ్చాక మీరు తీసిన వీడియో ప్రకారం 48 గుండీలూ వాళ్ల చేతనే వాయించి చూపించండి. "లోపాలు చూసి తీసుకున్నాం" అని నంబరుతో సహా రెండు కాగితాలు రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. కవరులో దాచిన విరిగిన ముక్కలు ఇవ్వడం మరిచిపోకండి.